ఆసు పోసిన చెయ్యి: 72 ఏళ్ల మహిళ భుజంపై ఒక ఫిజియోథెరపీ కేస్ స్టడీ

పేషెంట్ వయసు 72. కుడిచేతి వాటం. యాదాద్రి భువనగిరి జిల్లాలో చేనేత కుటుంబం. ఆమె ఒప్పుకున్న మీదటే ఈ కేసు రాస్తున్నాను, ఎవరో తెలిసిపోయే వివరాలు మార్చాను. మా క్లినిక్‌కు కోడలు వెంటబెట్టుకుని వచ్చింది. ఆమె చెప్పుకున్న బాధ కేసు షీట్‌లో ఆమె మాటల్లోనే ఉంది: "చెయ్యి లేస్తది బిడ్డా, గని మెల్లగ లేస్తది. పాలగిన్నె పట్టుకుంటే వణుకుతది. పైన అరల డబ్బా తియ్యాల్నంటే కోడల్ని పిలువాలె. జడేసుకునుడు బందు వెట్టిన."

కోడలి భయం వేరు. వాళ్ల వాడలో ఒక పెద్దాయనకు పార్కిన్సన్స్ అనే మెదడు జబ్బు ఉంది. ఆయన కూడా మొదట్లో ఇట్లాగే నెమ్మదించాడట. "మా అత్తమ్మకు కూడా అదేనా మేడం?" అని పక్కకు పిలిచి అడిగింది. అంతకుముందు చూపించుకున్న చోట వయసు మీద పడిందని, ఆ చేతికి పని చెప్పొద్దని అన్నారు. నొప్పి మాత్రలు, వేడి కాపడం నడిచాయి. దాదాపు రెండేళ్లుగా ఆ చేత్తో ఆమె బరువన్నది ఎత్తలేదు.

నేను ఈ కేసు వివరంగా రాయడానికి కారణం ఆ సలహాయే. ఆమె బాధలో మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి: నొప్పి, బలహీనత, నెమ్మది. మూడింటినీ కలిపి వయసు ఖాతాలో వేసేశారు. నిజానికి నొప్పికి కారణం ఆ ఒక్క భుజంలో ఉంది. బలహీనత చాలావరకు తిరిగి రాబట్టగలిగినది. నెమ్మది మాత్రం ఎక్కువ భాగం ఆమె మెదడు తెలిసే పాటిస్తున్న జాగ్రత్త, దాన్ని తరమకూడదు. ఏది ఏదో విడదీయకుండా చికిత్స మొదలుపెడితే లాభం ఉండదని నా నమ్మకం.

పని చరిత్ర

దారానికి ముందే ముడులు కట్టి, రంగులద్ది నేసే ఇక్కత్ గురించి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. పోచంపల్లి చీరకు రంగులు అద్దకముందు పేక (అడ్డం) దారాన్ని ఆసు పొయ్యాలి. ఒకవైపు ఒంటి మేకు, ఎదురుగా అర్ధవృత్తంలో వరుసగా మేకులు. దారాన్ని ఒంటి మేకు నుంచి ఒక్కొక్క మేకుకూ తిప్పి మళ్లీ వెనక్కి తేవాలి. చెయ్యి ప్రతిసారీ సుమారు మీటరు దూరం పోయి వస్తుంది. ఒక్క చీరకు ఇలా దాదాపు 9 వేల సార్లు, నాలుగైదు గంటల పని. ఇది తరతరాలుగా ఇంటి ఆడవాళ్ల మీదే పడింది. తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేకనే ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం 1999లో లక్ష్మీ ఆసు యంత్రం తయారు చేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం మీద అదే పని గంటన్నరలో అయిపోతుంది. ఆ యంత్రం ఎన్ని భుజాలను కాపాడిందో ఈ ప్రాంతంలో ఫిజియోథెరపీ చేసేవాళ్లకు బాగా తెలుసు.

ఈమె పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి చేత్తోనే ఆసు పోసింది. ఇంట్లోకి యంత్రం వచ్చాక ఆ పని మానేసింది. అంటే ఈ భుజానికి రెండు చరిత్రలున్నాయి. మొదట దశాబ్దాల మితిమీరిన వాడకం, తర్వాత దాదాపు ఏమీ వాడకపోవడం. కేసు షీట్‌లో ఎక్కువమంది ఫిజియోథెరపిస్టులు మొదటిదాన్నే రాసుకుంటారు. రెండోది కూడా అంతే హాని చేస్తుంది.

ఇంకో సంగతి నాకు బాగా ఉపయోగపడింది. ఆమె ఆసు పోసింది ప్రధానంగా కుడిచేత్తో. ఎడమ చేతికి కూడా అదే వయసు, అదే తిండి, అదే ఒళ్లు, ఆసు మాత్రం లేదు. అందుకని ప్రతి పరీక్షా రెండు చేతులకూ చేశాను. రెండింటిలోనూ కనిపించేది వయసుది, కుడిదాంట్లో అదనంగా కనిపించేది ఆ భుజానిది అని లెక్క పెట్టుకున్నాను.

ముందు వేరే జబ్బులు లేవని చూసుకోవడం

పార్కిన్సన్స్‌లో నెమ్మదితో పాటు కదలిక పోనుపోను చిన్నదవుతుంది. బొటనవేలు, చూపుడువేలు టకటకా కొట్టమంటే మొదట బాగానే మొదలై క్రమంగా కుంచించుకుపోతుంది. ఈమెకు వేగం తక్కువే గానీ చివరిదాకా ఒకే వెడల్పుతో కొట్టింది. చెయ్యి ఒళ్లో పెట్టుకుని మాట్లాడుతున్నప్పుడు వణుకు లేదు. మోచేతిని నేను వంచి చాపితే బిగుతు తగల్లేదు. నడిచేటప్పుడు రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయి. గిన్నె పట్టినప్పుడు మాత్రమే వణుకు. అయినా కోడలి మనశ్శాంతి కోసం, నా నిర్ధారణ కోసం న్యూరాలజిస్టుకు పంపాను. ఆయన కూడా పార్కిన్సన్స్ కాదన్నారు.

మెడ పరీక్షల్లో నరం నొక్కుకుపోయిన లక్షణాలు లేవు. షుగర్ లేదు, థైరాయిడ్ సరిగానే ఉంది. విటమిన్ డి తక్కువ ఉంటే ఫిజిషియన్ మందు రాశారు. భుజాన్ని నేను బయటివైపు తిప్పితే రెండు పక్కలా సమానంగానే తిరుగుతోంది కాబట్టి ఫ్రోజెన్ షోల్డర్ (భుజం కీలు బిగుసుకుపోయే జబ్బు) కాదు. అల్ట్రాసౌండ్‌లో కుడి భుజంలో చేతిని పైకి లేపడానికి తోడ్పడే సుప్రాస్పినేటస్ కండరం స్నాయువు సగం మందంలో చిరిగి ఉంది. ఈ రిపోర్టు చూసి ఇంట్లోవాళ్లు కంగారుపడ్డారు. 60 దాటినవాళ్లలో ఏ నొప్పీ లేకుండానే ఇలాంటి చిరుగులు మామూలుగా కనిపిస్తాయి. చిరుగు ఉన్నంత మాత్రాన బాధంతా దానిదే అనుకోకూడదని, ఎడమ చెయ్యి కూడా నెమ్మదిగానే ఉందని చూపించి వివరించాను.

కొలతలు

కుడి చెయ్యి ముందుకు ఎత్తితే 125 డిగ్రీల దగ్గర ఆగింది. నేను పట్టి లేపితే 150 దాకా వచ్చింది. ఎడమది తనంతట తానే 150 చేరింది. కుడి భుజంలో 70 నుంచి 110 డిగ్రీల మధ్య నొప్పి. వీపు పైభాగం వంగి ఉంది. వీపు వంగితే రెక్క ఎముక ముందుకు వాలి, ఏ భుజమైనా పూర్తిగా లేవలేదు. పేషెంట్‌ని గోడకు ఆనించి నిలబెట్టి మళ్లీ కొలిస్తే చాలు, తేడా కనిపిస్తుంది. ఈమెకు గోడకు ఆనుకున్నప్పుడు రెండు చేతులూ కాస్త ఎక్కువ లేచాయి.

పిడికిలి బలం కుడిది 14 కిలోలు, ఎడమది 13. ఆసియా దేశాల సార్కోపీనియా (వయసుతో కండరం తరిగిపోవడం) బృందం 2019లో ఇచ్చిన హద్దు ఆడవాళ్లకు 18 కిలోలు, మగవాళ్లకు 28. 5 పౌండ్ల డంబెల్ పట్టుకుని 30 సెకన్లలో మోచెయ్యి ఎన్నిసార్లు వంచగలరో చూసే పరీక్షలో కుడి 7, ఎడమ 9. ఈ పరీక్షను తయారుచేసిన రిక్లీ, జోన్స్ పట్టికలో 70 నుంచి 74 ఏళ్ల ఆడవాళ్లకు మామూలు అంకె 12 నుంచి 17. కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 14 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, ఆపైన పడితే బలహీనత కిందే లెక్క. కండరాల పరిమాణం కొలిచే సౌకర్యం మా దగ్గర లేదు కాబట్టి సార్కోపీనియా ఉండవచ్చు అని మాత్రమే రాశాను. ఈ పేరును ఇర్విన్ రోజెన్‌బర్గ్ 1989లో ప్రచారంలోకి తెచ్చారు. చేతి బాధతో వచ్చిన మనిషి కాళ్లు కూడా పరీక్షించడం ఎందుకంటారా? కండరం తరగడం ఒక్క భుజంలో జరిగే సంగతి కాదు కాబట్టి.

తర్వాత అసలు ప్రశ్న, నెమ్మది. బల్ల మీద 40 సెంటీమీటర్ల దూరంలో స్టీలు గ్లాసు పెట్టి అందుకోమన్నాను. మణికట్టు మీద రంగు స్టిక్కర్ అంటించి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. ఆరోగ్యంగా ఉన్న యువకుల చెయ్యి ఇలా వెళ్లేటప్పుడు వేగం సాఫీగా పెరిగి, దాదాపు సగం దారిలో శిఖరానికి చేరి, అంతే సాఫీగా తగ్గుతుంది. ఆ వేగం గీత గీస్తే గంట ఆకారం వస్తుందని 1981లో ఇటలీ పరిశోధకుడు పియెట్రో మొరాసో చూపించారు. ఈమె వేగం మొదటి మూడోవంతులోనే శిఖరానికి చేరిపోయింది. మిగిలిన రెండు వంతుల సమయమూ చెయ్యి గ్లాసు వైపు నెమ్మదిగా పాకింది, మధ్యలో చిన్నచిన్న సవరింపులు. ఎడమ చెయ్యి కూడా అచ్చం ఇంతే.

అప్పుడు గ్లాసు తీసేసి, బల్ల మీద వెడల్పైన గుడ్డ పరిచి, "ఈ గుడ్డ మీద ఎక్కడైనా సరే, చెయ్యి విసిరి పెట్టు పెద్దమ్మా" అన్నాను. సమయం దాదాపు మూడోవంతు తగ్గిపోయింది. ఈ చిన్న పరీక్షే ఈ కేసుకు కీలకం. గురి చిన్నదైతే నెమ్మది, గురి పెద్దదైతే వేగం. అమెరికన్ మనస్తత్వవేత్త పాల్ ఫిట్స్ 1954లో చెప్పిన ఈ నియమం అందరికీ వర్తిస్తుంది. వయసు మళ్లినవాళ్లలో ఆ తేడా ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది. అంటే చెయ్యి వేగంగా పోలేక కాదు, గ్లాసు తన్నేయకుండా ఉండాలని నెమ్మదిగా పోతోంది.

కండరాలు ఏం చెప్పాయి

మా దగ్గర రెండు చానెళ్ల సర్ఫేస్ ఇఎంజి యంత్రం (చర్మం మీద నుంచే కండరాల విద్యుత్ సంకేతాలను పట్టేది) ఉంది. మోచెయ్యి వంచే బైసెప్స్ మీద ఒక జత, దాన్ని చాపే ట్రైసెప్స్ మీద ఒక జత ఎలక్ట్రోడ్లు పెట్టి, ముందు ఒక్కో కండరాన్ని గట్టిగా బిగించమని ఆ గరిష్ఠ అంకెను నూరుగా తీసుకున్నాను.

వేగంగా మోచెయ్యి వంచేటప్పుడు యువకుల్లో మూడు దశల వరుస ఉంటుంది. బైసెప్స్ ఒక్క ఉదుటున లాగుతుంది, ట్రైసెప్స్ బ్రేకు వేస్తుంది, చివర బైసెప్స్ మళ్లీ కొద్దిగా పలికి చేతిని నిలబెడుతుంది. ఒకటి మోగుతున్నప్పుడు రెండోది చాలావరకు మౌనంగా ఉంటుంది. ఈమె రెండు చేతుల్లోనూ ఈ వరుస చెదిరిపోయింది. బైసెప్స్ లాగుతున్నంతసేపూ ట్రైసెప్స్ కూడా పలుకుతూనే ఉంది. ఎదురెదురు కండరాలు ఒకేసారి బిగిస్తే కీలు గట్టిపడుతుంది, వణుకు కొంత అదుపులో ఉంటుంది. దానికి మూల్యం వేగం, అలసట. "పొద్దుగాల రెండు గిన్నెలు తోమితెనే చెయ్యి గుంజుతది" అని ఆమె అన్నదానికి జవాబు ఇక్కడ ఉంది. గిన్నె బరువుతో పాటు తన కండరం తన కండరాన్నే లాగుతున్న బరువు కూడా ఆమె మోస్తోంది.

తర్వాత ఎలక్ట్రోడ్లు భుజం ముందు, చేతిని పైకి లేపే డెల్టాయిడ్‌కూ, మెడ పక్క, భుజాన్ని పైకి లాగే ట్రెపీజియస్‌కూ మార్చాను. ఇక్కడ రెండు చేతులకూ తేడా వచ్చింది. ఎడమ పక్క డెల్టాయిడ్, ట్రెపీజియస్ దాదాపు కలిసే మొదలయ్యాయి. కుడి పక్క చెయ్యి కదలకముందే ట్రెపీజియస్ భుజాన్ని పైకి ఎగదోస్తోంది. చెయ్యి పైకి లేచే మొత్తంలో సుమారు మూడింట రెండు వంతులు భుజం కీలు నుంచి, ఒక వంతు రెక్క ఎముక నుంచి వస్తాయని 1944లో ఇన్మన్ బృందం లెక్క చెప్పింది. కుడి పక్క ఆ పొత్తు చెడింది. ఇది వయసు పని కాదు, చిరిగిన స్నాయువును తప్పించుకోవడానికి ఆ భుజం నేర్చుకున్న పద్ధతి.

ఒక మంచి సంగతి కూడా కనబడింది. ఎత్తిన చేతిని దించేటప్పుడు ఆరోగ్యమైన మెదడు కండరంతో నెట్టదు. డెల్టాయిడ్‌ను కాస్త వదులు చేసి భూమ్యాకర్షణకు పని అప్పజెబుతుంది. ఆ క్షణంలో డెల్టాయిడ్ చేతిని నిలిపి ఉంచడానికి కావలసినంత కూడా పలకదు. ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల చేతుల్లో ఈ నేర్పు నిలిచే ఉంటుందని ప్రయోగశాలల్లో చూశారు. ఈమె ఎడమ చేతిలో అది స్పష్టంగా ఉంది, కుడిలో కొంత మసకగా ఉంది. కదలికకు మెదడు వేసే పథకం చెక్కుచెదరలేదని నాకు ధైర్యం వచ్చింది అక్కడే.

ఎందుకు ఇలా అవుతుంది

వెన్నుపాములో ఒక్కో నాడీకణం కొన్ని కండర తంతువులను నడిపిస్తుంది. ఆ జట్టే మోటార్ యూనిట్. 60 దాటాక ఈ నాడీకణాలు చెప్పుకోదగ్గంత తగ్గుతాయని 1973లోనే కెనడాలో మెకోమాస్ బృందం పాదం కండరం మీద చూపించింది. ఒక నాడీకణం పోతే దాని తంతువులన్నీ చచ్చిపోవు. పక్క నాడీకణం కొత్త కొమ్మ వేసి కొన్నింటిని దత్తత తీసుకుంటుంది. దాంతో మిగిలిన యూనిట్లు తక్కువ, కానీ ఒక్కొక్కటీ పెద్దది. చేతిలో చిల్లర లేక పెద్దనోట్లే మిగిలిన మనిషి పరిస్థితి ఇది. పెద్ద మొత్తం ఇవ్వడానికి ఇబ్బంది లేదు, మూడు రూపాయలు సరిగ్గా ఇవ్వాలంటేనే కష్టం. పాలగిన్నెను నిలకడగా పట్టడానికి కావలసింది చిన్న బలం, సరిగ్గా తూచిన బలం. ఈమె చెయ్యి పాలగిన్నె పట్టినప్పుడు వణకడానికి నేను చూసే కారణం ఇదే.

దత్తత దొరకని తంతువులు నశిస్తాయి. అందులోనూ వేగంగా సంకోచించే రకం తంతువులు ఎక్కువ సన్నబడతాయి. అందుకే వయసుతో బలం ఎంత తగ్గుతుందో, ఆ బలాన్ని వేగంగా చూపే శక్తి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. పడబోతూ గోడ పట్టుకోవడానికి చెయ్యి చాచాలంటే కావలసింది ఈ శక్తే. వృద్ధుల చేతి వ్యాయామంలో దీన్ని వదిలేయడం నాకు బొత్తిగా నచ్చని విషయం.

ఇక నెమ్మది సంగతి. కండరానికి వెళ్లే ఆదేశం ఎంత పెద్దదైతే అందులో తడబాటు అంత ఎక్కువ. హారిస్, వోల్పర్ట్ అనే పరిశోధకులు 1998లో ఇదే ఆధారంగా మన కదలికలు ఆ సాఫీ ఆకారంలో ఎందుకుంటాయో వివరించారు. వేగంగా పోవాలంటే పెద్ద ఆదేశం కావాలి, దాంతో గురి తప్పుతుంది. యూనిట్లు పెద్దవై తడబాటు పెరిగిన చేతికి మెదడు వేగం తగ్గించి గురిని కాపాడుతుంది. ఇది తెలివైన సర్దుబాటు. "జల్ది జల్ది అందుకో" అని ఇంట్లోవాళ్లు తొందరపెడితే పాలు ఒలుకుతాయి, మనిషికి తన చేతి మీద నమ్మకం పోతుంది. నమ్మకం పోయాక ఆ చెయ్యి వాడరు. కోడలికి నేను చెప్పిన మొట్టమొదటి మాట ఇదే.

చికిత్స

వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు. మొదటి రెండు మూడు వారాలు నొప్పి తగ్గించడం, వీపు నిటారు చేయడం, రెక్క ఎముకను వెనక్కి లాగే కండరాలు, కదలిక లేకుండా బిగించే వ్యాయామాలు. ఇఎంజి తెరను ఆమెకే చూపించి ట్రెపీజియస్ గీత పైకి ఎగరకుండా చెయ్యి లేపమన్నాను. రెండు మూడు సిట్టింగుల్లోనే పట్టుకుంది. దశాబ్దాలు దారం బిగువు వేళ్లతో కనిపెట్టిన మనిషికి ఇది పెద్ద కష్టం కాలేదు.

తర్వాత బరువులు. ఇక్కడ భయపడకూడదు. అరకిలో డంబెల్ ఇచ్చి ఇరవైసార్లు ఊపమంటే కండరం మారదు. 8 నుంచి 12 సార్లు ఎత్తేసరికి పదికి ఆరేడు వంతుల కష్టం అనిపించేంత బరువు ఉండాలి. మోచెయ్యి వంచడం, రబ్బరు ట్యూబు వెనక్కి లాగడం, గోడ మీద దండీలు (పుష్-అప్స్), భుజాన్ని బయటికి తిప్పడం, నొప్పి లేని ఎత్తు వరకు పైకి నెట్టడం, వాటితో పాటు కుర్చీలోంచి లేవడం. 1990లో బోస్టన్‌లో ఫియాటరోన్ బృందం 90 ఏళ్లకు అటూఇటూ ఉన్నవాళ్ల తొడ కండరాలకు ఎనిమిది వారాలు గట్టి బరువులతో శిక్షణ ఇస్తే బలం సగటున 174 శాతం పెరిగింది. వాళ్లు కొద్దిమందే, అవి కాళ్లు, ఇవి చేతులు, నిజమే. కానీ 72 ఏళ్ల కండరం ఇక స్పందించదని ఎవరూ అనడానికి వీల్లేదు.

నొప్పి తగ్గాక శక్తి కోసం తేలిక బరువుతో, లేపేటప్పుడు వీలైనంత వేగంగా, దించేటప్పుడు మూడు లెక్కపెట్టి నెమ్మదిగా. గురి అక్కర్లేని కదలికల్లోనే వేగం అడిగాను, గురి ఉన్నచోట ఎప్పుడూ అడగలేదు. నిలకడ కోసం నీళ్లు నింపిన గ్లాసును రెండు సెంటీమీటర్లు ఖాళీ ఉంచి ఒక చోటి నుంచి ఇంకో చోటికి, ఎత్తు మార్చి, దూరం మార్చి. ఇంట్లో అరల్లో డబ్బాలు మూడు ఎత్తుల్లో పెట్టించాను.

తిండి విషయం వదిలేస్తే ఇదంతా సగం పనే. ఆమె బరువు 46 కిలోలు. పొద్దున టీ, మధ్యాహ్నం పచ్చిపులుసుతో అన్నం, రాత్రి మజ్జిగన్నం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పెద్దలకు కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ చెబుతుంది. వృద్ధుల కండరాల కోసం 1 నుంచి 1.2 గ్రాములు కావాలని అంతర్జాతీయ నిపుణుల సూచన. కిడ్నీ పరీక్ష సరిగా ఉందని ఫిజిషియన్ చెప్పాక రోజుకు రెండు గుడ్లు, గట్టి పప్పు, సాయంత్రం శనగ గుడాలు, పెరుగు చేర్చాం. ప్రొటీన్ పౌడర్ డబ్బా కొనాల్సిన అవసరం రాలేదు.

మూడు నెలల తర్వాత

మోచెయ్యి వంచే పరీక్ష కుడి 12, ఎడమ 13. కుర్చీ పరీక్ష 11.5 సెకన్లు. పిడికిలి కుడి 17, ఎడమ 15.5, అంటే ఇంకా హద్దు కిందే. కుడి చెయ్యి తనంతట తాను 145 డిగ్రీలు లేచింది. నొప్పి పదికి 6 నుంచి 2కు దిగింది. జడ తనే వేసుకుంటోంది. పై అరలో డబ్బా రెండు చేతులతో తీస్తోంది.

గ్లాసు అందుకునే సమయం మాత్రం పెద్దగా మారలేదు. చివరి రెండు వంతుల పాకుడు అలాగే ఉంది. కానీ అందులో సవరింపులు తగ్గాయి, గిన్నె ఒలకడం లేదు. బైసెప్స్ లాగేటప్పుడు ట్రైసెప్స్ పలకడం కొంత తగ్గింది. కుడి ట్రెపీజియస్ ఇప్పుడు డెల్టాయిడ్‌తో కలిసి మొదలవుతోంది. సమయం తగ్గలేదని కోడలు కొంచెం నిరాశపడింది. నేను పడలేదు. ఆ నెమ్మదిని తగ్గించడం చికిత్స లక్ష్యంగా మేం పెట్టుకోనే లేదు.

ఈ ఫలితాలను ఎంతవరకు నమ్మాలో కూడా చెప్పాలి. ఇది ఒక్క మనిషి కేసు. పరీక్షలు అలవాటు కావడం వల్ల కూడా అంకెలు కొంత మెరుగవుతాయి. నొప్పి ఉన్న భుజం మొదటిసారి నిజంగా గరిష్ఠంగా బిగించలేదు కాబట్టి, కుడి డెల్టాయిడ్ ఇఎంజి శాతాలను ముందూ వెనకా నేరుగా పోల్చకూడదు. నేను పోల్చింది ఏ కండరం ముందు మొదలైందన్న వరుసనే. తొలి వారాల్లో పెరిగే బలం చాలావరకు నరాల నేర్పు, కండరం లావెక్కడం ఆ తర్వాతి సంగతి. అందుకే వ్యాయామాన్ని మూడు నెలలతో ఆపలేదు. ఇంటి దగ్గర వారానికి రెండు రోజులు బరువులు, మూడు నెలలకోసారి మళ్లీ కొలతలు.

ఇఎంజి లేని క్లినిక్‌లో కూడా ఈ పద్ధతిలో చాలా భాగం సాధ్యమే. ఫోన్, స్టీలు గ్లాసు, వెడల్పు గుడ్డ, కుర్చీ, ఒక డంబెల్ ఉంటే చాలు. రెండు చేతులూ చూడండి. గురి తీసేస్తే వేగం పెరుగుతుందో లేదో చూడండి. గురి తీసేసినా వేగం పెరగకపోయినా, కదలిక పోనుపోను చిన్నదవుతున్నా, ఒక పక్క మాత్రమే నెమ్మదించినా, చెయ్యి ఊరికే ఒళ్లో ఉన్నప్పుడు వణుకు కనిపించినా వ్యాయామం మొదలుపెట్టకముందే న్యూరాలజిస్టుకు పంపండి. నెమ్మది కొద్ది గంటల్లో, కొద్ది రోజుల్లో వచ్చిందంటే ఆ రోజే ఆసుపత్రికి పంపాలి.